మగ్గం కింది నేలకు అద్దె ఎవరిస్తున్నారు?

గుడియాత్తంలో ఇల్లెక్కడ ముగుస్తుందో, పనిచోటు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. తమిళనాడు వేలూరు జిల్లాలో కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఈ ఊరు లుంగీలకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు పేరు పడింది. చిత్తూరు, పలమనేరు దగ్గరే కాబట్టి ఇక్కడి చాలా ఇళ్లలో మాట తెలుగే. గుంటమగ్గం ఉన్న ఇంట్లో ముందుగది మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మనిషి కూర్చుంటాడు. కాళ్ల కింద తొక్కే చెక్కలు, ఎదురుగా బిగించిన పడుగు, పక్కన కండెలు చుట్టే రాట్నం, నెత్తిన దూలానికి వేలాడే బల్బు. చుట్టాలొస్తే మంచం వాల్చడానికి చోటుండదు. ముసురు పట్టి గుంటలో నీరు ఊరితే ఆరేదాకా పని బందు. ఆ గది అద్దె, ఆ బల్బు కరెంటు, ఆ గుంట మరమ్మతు, అన్నీ ఇంటి ఖర్చులోనే కలిసిపోతాయి. కూలి లెక్కలో అవి లేవు, షావుకారు పద్దులో లేవు, ఆదాయపు పన్ను రిటర్నులో అంతకన్నా లేవు. ఇల్లే పనిచోటైనప్పుడు ఇంటి ఖర్చులో ఒక వంతు పని ఖర్చే. ఆ వంతును రాసుకునే హక్కు మన చట్టంలో ఇప్పటికే ఉంది. అయితే చట్టం ఆ హక్కును ఎవరూ వాడుకోలేనంత మసకగా వదిలేసింది. చదరపు అడుగుకు ఇంత అని ఒక స్థిరమైన రేటు పెడితే తప్ప ఈ మసక తొలగదని నా వాదన.

ముందు చట్టం సంగతి. 1961 ఆదాయపు పన్ను చట్టం 30వ సెక్షన్ ప్రకారం వ్యాపారానికో వృత్తికో వాడే భవనం అద్దెను, మరమ్మతులను, మునిసిపాలిటీకి కట్టే పన్నును, బీమాను ఆదాయంలోంచి తీసేయవచ్చు. అదే భవనంలో కొంత భాగం నివాసమైతే ఏం చేయాలో 38వ సెక్షన్ చెబుతుంది. పనికి వాడే భాగం విలువ మొత్తంలో ఎంతో చూసి, ఆ నిష్పత్తిలో అద్దెను అనుమతించాలి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి (ఇక్కడ వాడినవి పాత నంబర్లే) గానీ వ్యాపారానికి పెట్టిన ఖర్చును తీసేసి మిగిలినదానిపైనే పన్ను వేయాలన్న సూత్రం మారలేదు. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే తగ్గింపులన్నీ పోతాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. పోయేవి ఎల్‌ఐసీ ప్రీమియం, పీపీఎఫ్ లాంటి సొంత పొదుపుల తగ్గింపులు. సొంతపని చేసుకునేవాళ్ల వ్యాపార ఖర్చులు కొత్త విధానంలోనూ చెల్లుతాయి. జీతగాళ్లకు మాత్రం ఇంట్లో కూర్చుని పనిచేసినా ఈ దారి లేదు.

లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. వేలూరులో ఒక బీమా ఏజెంటు 900 చదరపు అడుగుల ఇంట్లో నెలకు 15,000 అద్దెకు ఉంటున్నాడనుకుందాం. అందులో 180 చదరపు అడుగుల గది పూర్తిగా పనికే కేటాయించాడు. బీరువా నిండా పాలసీ కాగితాలు, ఒక కంప్యూటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు కుర్చీలు. ఇంట్లో ఐదో వంతు పనిది కాబట్టి ఏడాది అద్దె 1,80,000లో 36,000 అతని పని ఖర్చు. మిగతా ఖర్చులన్నీ తీసేశాక అతని ఆదాయం 12,30,000 తేలిందనుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు. ఆ గీత దాటినవాళ్లకు గీతపైన ఉన్న మొత్తానికి మించి పన్ను పడకుండా ఒక ఊరట ఉంది. ఆ ఊరటను కలుపుకున్నా అతను కట్టాల్సింది 30,000, దానిమీద సెస్సు. గది అద్దె 36,000 రాసుకుంటే ఆదాయం 11,94,000కు దిగుతుంది, పన్ను సున్నా. 12 లక్షల దాకా పన్నే లేదు, ఇంకెందుకీ తలనొప్పి అనేవాళ్లకు ఇదే జవాబు. ఆ 12 లక్షలు చేతికొచ్చిన డబ్బుకు గీసిన గీత కాదు, ఖర్చులు పోను మిగిలిన ఆదాయానికి గీసిన గీత. ఏ ఖర్చును రాశాం, దేన్ని మరిచాం అన్నదాన్ని బట్టే గీతకు ఏ పక్కన నిలబడతామో తేలుతుంది.

బీమా ఏజెంటును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. చిన్న వ్యాపారులకు చట్టం ఒక దగ్గరిదారి ఇచ్చింది. 44ఏడీ సెక్షన్ కింద అమ్మకాల్లో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చినదైతే 6 శాతాన్ని ఆదాయంగా చూపితే చాలు, పుస్తకాలు రాయక్కర్లేదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్ల వంటి వృత్తులకు 44ఏడీఏ కింద వచ్చిన ఫీజులో సగం ఆదాయం, సగం ఖర్చు. ఈ దారిలో వెళ్తే ఇంటి అద్దెతో సహా ఖర్చులన్నీ అందులోనే ఇమిడిపోయినట్టు లెక్క, విడిగా ఏమీ రాసుకోకూడదు. కమిషన్ మీద బతికేవాళ్లకు మాత్రం 44ఏడీ తలుపు మూసే ఉంది. గుడియాత్తం, ఆంబూరు, పేర్ణంబట్టు వీధుల్లో ఇంట్లోనే కూర్చుని పాలసీలు రాసే ఏజెంట్లు, లుంగీల ఆర్డర్లు కుదిర్చి కమిషన్ తీసుకునే మధ్యవర్తులు ప్రతి ఖర్చునూ లెక్కగట్టి చూపాల్సిందే. ఇంటి వంతు రాసుకోకపోతే నష్టపోయేది ముందుగా వీళ్లు.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే రాసుకోవడానికి జంకు దేనికి? 38వ సెక్షన్ భాషలోనే దానికి సమాధానం దొరుకుతుంది. అద్దెలో ఎంత వంతు అనుమతించాలో అసెసింగ్ ఆఫీసర్ నిర్ణయించవచ్చు అని అది అంటుంది. పనికి వాడే భాగం విలువను దేనితో కొలవాలో చెప్పదు. నేల విస్తీర్ణమా? గదుల సంఖ్యా? పగలు పనికీ రాత్రి పడకకూ వాడే గదిని ఏ ఖాతాలో వేయాలి? పెద్ద వ్యాపారి అయితే తన ఆడిటర్‌తో వాదించుకుంటాడు. చిన్నవాడికి 36,000 రాసుకుని నోటీసు తెచ్చుకోవడం కన్నా వదిలేయడం సులువు. ఆడిటర్ ఫీజుకు భయపడి తానే రిటర్ను వేసుకునేవాడైతే ఆ గడి జోలికే పోడు. ఇలా కాగితం మీద ఉన్న హక్కు భయం వల్ల చెల్లకుండా పోతోంది. చిత్రమేమిటంటే నేలను కొలవడం ఆదాయపు పన్ను శాఖకు కొత్త కాదు. తరుగుదల రేట్లు ఇచ్చే 1962 రూల్స్ అనుబంధంలో ఒక భవనం ప్రధానంగా నివాసమా కాదా అన్నది తేల్చడానికి కొలత ఉంది. కట్టిన విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా నివాసానికి వాడితే అది నివాసమే, తరుగుదల 5 శాతం. లేకపోతే 10 శాతం. తరుగుదలకు పనికొచ్చిన చదరపు అడుగు అద్దెకు ఎందుకు పనికిరాదు?

మిగతా దేశాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నాయి. అమెరికాలో సోలిమన్ అనే మత్తు డాక్టరు ఆసుపత్రుల్లో పనిచేస్తూ, లెక్కలూ ఫోన్లూ ఇంటి గదిలో చూసుకునేవాడు. ఆ గది ఖర్చు చెల్లదని 1993లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. నాలుగేళ్లకే ఆ దేశపు కాంగ్రెస్ చట్టాన్ని సడలించి అలాంటివాళ్లకు దారి తెరిచింది. 2013 పన్ను సంవత్సరం నుంచి చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున 300 చదరపు అడుగుల దాకా, అంటే గరిష్ఠంగా 1,500 డాలర్లు, అద్దె రసీదులు చూపకుండానే తీసేసుకోవచ్చు. అక్కడ సొంతపని చేసుకునే తెలుగువాళ్లకు ఇది ఏటా చేసే మామూలు లెక్క. బ్రిటన్‌లో కొలత గంటలు. నెలకు కనీసం 25 గంటలు ఇంట్లో పనిచేస్తే 10 పౌండ్లు, 51 గంటల నుంచి 18, 101 గంటల నుంచి 26. జర్మనీ 2023 నుంచి రోజుకు 6 యూరోలు ఇస్తోంది, ఏడాదికి 1,260 మించకుండా. ఇవేవీ భారీ మొత్తాలు కావు. కానీ మామూలు మనిషి ఎవరినీ అడగకుండా, ఎవరికీ జడవకుండా వేసుకోగల లెక్కలు.

అవి ధనిక దేశాలు, మన దగ్గర రసీదు లేని తగ్గింపు ఇస్తే ఖజానాకు గండి పడుతుందని అనవచ్చు. అయితే ఇది మన దగ్గర జరగని పని కాదు. 1993లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 648 నంబరు సర్క్యులర్‌తో చిన్న బీమా ఏజెంట్లకు సరిగ్గా ఇలాంటి ఊరటే ఇచ్చింది. ఏడాది కమిషన్ 60,000 లోపు ఉండి పుస్తకాలు రాయనివాళ్లు మొదటి ఏడాది కమిషన్లో 50 శాతం, రెన్యువల్ కమిషన్లో 15 శాతం ఖర్చుగా తీసేసుకోవచ్చు. రెండూ విడదీయలేకపోతే మొత్తంలో మూడో వంతు. అన్నీ కలిపి 20,000 మించకూడదు. అంటే చిన్న మనిషి రసీదులు దాచుకోలేడని, అయినా అతనికి ఖర్చు ఉంటుందని మన పన్నుల బోర్డే ఒప్పుకుంది. ఆ 60,000 గీత నేటి కమిషన్ల ముందు ఏ మూలకూ చాలదు. కానీ దాని వెనుక ఉన్న ఆలోచన ఇప్పటికీ చెక్కుచెదరనిది.

ఇంటిని పనిచోటుగా గుర్తించడంలో తమిళనాడు విద్యుత్ శాఖ ఆదాయపు పన్ను శాఖకన్నా చాలా ముందుంది. ఇళ్లకు వర్తించే చౌక టారిఫ్‌లోనే నేతగాళ్ల ఇళ్లలోని చేమగ్గాన్ని చేర్చింది. వృత్తిదారులు తమ ఇంటికి ఆనించి నడిపే సంప్రదింపుల గది 200 చదరపు అడుగుల లోపు ఉంటే దాన్నీ ఇంటి టారిఫ్‌లోనే ఉంచింది. చేనేతలకు రెండు నెలలకు 200 యూనిట్లుగా ఉన్న ఉచిత విద్యుత్తు 2023 మార్చి నుంచి 300కు, మరమగ్గాలకు 750 నుంచి 1,000కి పెరిగింది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ 2019లో మొదలుపెట్టిన నేతన్న నేస్తం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 ఇచ్చింది. నేతగాళ్లకు ఇల్లూ మగ్గం షెడ్డూ కలిపి కట్టించే పథకాన్ని కేంద్రమే 1980లలో తెచ్చింది. ఇంట్లో మగ్గం ఉందని ఒక ప్రభుత్వ శాఖకు తెలుసు, దాని ఖర్చును మరో శాఖ చూడదు. ఇల్లే పనిచోటు కాగలదనడానికి వేలూరు చరిత్రలో గొప్ప సాక్ష్యమే ఉంది. వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో వైద్యం మొదలుపెట్టింది తండ్రి ఇంట్లోని చిన్న గదిలో, ఒకే ఒక్క మంచంతో. ఇవాళ్టి సీఎంసీ ఆసుపత్రికి పునాది పడింది అక్కడే. ఇంటి గదిలో మొదలైన పనిని చిన్నచూపు చూడటానికి ఈ ఊళ్లో ఎవరికీ ఆస్కారం లేదు.

ఇక అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది నేతగాళ్ల విషయంలోనే ఉంది. గుడియాత్తంలో లుంగీ నేసే కుటుంబం ఆదాయం పన్ను గీత దరిదాపుల్లో ఉండదు. పైగా 44ఏడీ కింద 2 లక్షల కూలికి 16,000 ఆదాయం చూపితే సరిపోతుంది. పన్నే లేని మనిషికి పన్ను తగ్గింపు గురించి చెప్పడం దేనికి? ఈ ప్రశ్న న్యాయమైనది. పన్ను వరకే చూస్తే నేతగాడికి ఈ రేటు వల్ల చేతికి ఒక్క రూపాయి కూడా రాదు. అయినా ఈ రేటు కావాలనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది టీడీఎస్, అంటే డబ్బు చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను. నూలు ఇచ్చి నేయించుకునే పెద్ద షావుకారు ఒకరికి ఏడాదిలో లక్ష దాటి కూలి ఇస్తే 1 శాతం పట్టుకుని కట్టాలి. నేసేవాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే పాన్ లేకపోతే 20 శాతం పట్టాలి. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి ఒకరి పేరునే పడుతుంది కాబట్టి లక్ష దాటడం పెద్ద విషయం కాదు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే రిటర్ను వేయక తప్పదు. రిటర్ను వేసినప్పుడు 16,000 అని కాక ఉన్న ఆదాయం, ఉన్న ఖర్చు రాస్తే బ్యాంకులో అప్పు అడిగేటప్పుడు అది పనికొచ్చే కాగితమవుతుంది. 16,000 ఆదాయం ఉన్నవాడికి ఏ మేనేజరు మాత్రం మరమగ్గం కొనడానికి అప్పిస్తాడు?

రెండో కారణమే నాకు ముఖ్యం. షావుకారు నూలు నిల్వచేసే గోడౌన్ అద్దె అతని పుస్తకాల్లో ఖర్చు. ఆ మేరకు అతని పన్ను తగ్గుతుంది. ఆయనే షెడ్డు కట్టి మగ్గాలన్నీ అందులో పెట్టి ఉంటే ఆ షెడ్డు ఖర్చూ అంతే. ఆ మగ్గాలు నేతగాళ్ల ఇళ్లలో ఉండటం వల్ల షెడ్డు ఖర్చు లేకుండా పోలేదు, ముందుగదుల్లోకి చీలిపోయింది. 400 చదరపు అడుగుల ఇంట్లో మగ్గం, రాట్నం, నూలు కలిసి 120 చదరపు అడుగులు ఆక్రమిస్తాయనుకుందాం. నెల అద్దె 4,000 అయితే అందులో 1,200 మగ్గానిది. నెల కూలి 12,000 అయితే పదో వంతు. ఆ పదో వంతును నేతగాడు తన జేబులోంచి ఇస్తున్నాడు, ఇస్తున్నట్టు తనకే తెలియదు. తునికాకు తడిపి, కత్తిరించి, చుట్టి కట్టలు కట్టే బీడీ కార్మికురాలి వరండా సంగతీ ఇదే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 31.45 లక్షల చేనేత కుటుంబాలున్నాయి. పన్నుల శాఖ చదరపు అడుగుకు ఒక రేటు ప్రకటించిన రోజున ఆ రేటు పన్ను ఫారంలోనే ఆగిపోదు. కూలి పెంపు చర్చల్లో కార్మిక సంఘాలు బల్లమీద పెట్టగల ప్రభుత్వ లెక్క అవుతుంది. ఇంట్లో పనిచేసేవారిని సామాజిక భద్రత కోడ్ ప్రత్యేకంగా నిర్వచించింది. ఆ నిర్వచనానికి ఒక రూపాయి విలువ కట్టే పని పన్నుల వైపు నుంచి మొదలైతే తప్పేముంది?

దుర్వినియోగం గురించి భయపడేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతివాడూ పడకగదిని ఆఫీసు అంటాడని వాళ్ల మాట. నిజానికి మోసానికి ఎక్కువ వీలిచ్చేది కొలత లేని ఇప్పటి పద్ధతే. రేటూ, గరిష్ఠ విస్తీర్ణమూ ముందే రాసిపెడితే మోసగాడు దొంగిలించగలిగేది కూడా ఆ గరిష్ఠం దాకానే. ఇంకా గట్టి రక్షణలు చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. భార్య పేరున ఉన్న ఇంటికి బజారు ధరను మించి అద్దె చూపితే మించిన మొత్తాన్ని కొట్టేసే అధికారం ఆఫీసర్‌కు ఉంది. పనిగది అని రాస్తే విద్యుత్ బోర్డువాళ్లు వచ్చి కమర్షియల్ మీటరు పెడతారేమో అన్న బెంగ కూడా ఊళ్లో వినిపిస్తుంది. ఆదాయపు పన్ను రిటర్నులో రాసుకున్న వంతు ఇంటి టారిఫ్‌ను దానంతట అది మార్చదు. టారిఫ్ నియమాలు వేరు, వాటిలో మగ్గానికీ చిన్న సంప్రదింపుల గదికీ చోటు ఉందని పైన చూశాం.

సొంతింట్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఒక నిజమైన చిక్కుంది, దాన్ని దాచడం తగదు. తన ఇంటికి తానే అద్దె ఇచ్చుకున్నట్టు రాసుకోవడం కుదరదు. ఇంటి పన్నులో, మరమ్మతుల్లో, ఇంటి అప్పు వడ్డీలో పనిగది వంతు మాత్రం రాసుకోవచ్చు. 2021 నవంబరులో కౌండిన్య పొంగి గుడియాత్తాన్ని ముంచినప్పటి లాంటి నష్టాల తర్వాత గోడకూ గుంటకూ పెట్టే మరమ్మతు ఖర్చు చిన్నదేం కాదు. అయితే పనిగది వంతు భవనం వ్యాపార ఆస్తి లెక్కలోకి వస్తుంది, దానిమీద తరుగుదల పడుతుంది. రేపు ఇల్లు అమ్మితే ఆ వంతు లాభాన్ని స్వల్పకాలిక లాభంగా చూసే అవకాశముంది. కొత్త ఇల్లు కొంటే దొరికే మినహాయింపు ఆ వంతుకు దక్కకపోవచ్చు. ఏటా మిగిలే కొద్ది మొత్తం కోసం అమ్మకం నాడు పెద్ద మొత్తం పోగొట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. అమెరికా స్థిర రేటు పద్ధతిలో ఇంటి తరుగుదల ప్రస్తావనే ఉండదు, అమ్మకం నాడు దాని లెక్క తిరగదోడరు. మన రేటు కూడా అలాగే ఉండాలి. రేటు ఎంచుకున్నవారి ఇంటిని పూర్తిగా నివాసంగానే చూస్తామని నియమంలో ఒక వాక్యం రాస్తే ఈ చిక్కు వీడిపోతుంది.

రాయడానికి పెద్ద చట్టమేమీ అక్కర్లేదు, బోర్డు ఒక నియమం తెస్తే చాలు. గరిష్ఠ విస్తీర్ణాన్ని తమిళనాడు విద్యుత్ శాఖ ఎంచిన 200 చదరపు అడుగుల దగ్గరే ఉంచవచ్చు. నగరానికి ఒక రేటు, గుడియాత్తం లాంటి మునిసిపాలిటీకి మరొకటి, పల్లెకు ఇంకొకటి ఉండాలి, ధరలు పెరిగేకొద్దీ మారుతూ పోవాలి. 1993 నాటి 60,000లా ఒకే చోట గడ్డకట్టకూడదు. కమిషన్ మీద బతికేవాళ్లకూ, ఏ జాబితాలోనూ లేని వృత్తులవాళ్లకూ ఇది ముందు అందాలి. 44ఏడీ దారిలో వెళ్లేవాళ్లు పన్ను కోసం కాకపోయినా పనిగది విస్తీర్ణం రాసే గడి ఒకటి ఆ ఫారంలోనూ ఉండాలి. దేశంలో ఎన్ని చదరపు అడుగుల ముందుగదులు, వరండాలు కార్ఖానాలుగా నడుస్తున్నాయో అప్పుడు గానీ తెలియదు. అప్పటిదాకా ఇంట్లో పనిచేసేవాళ్లు చేయగలిగింది ఉంది. అద్దె ఒప్పందాన్ని కాగితం మీద రాయించుకోవాలి, అద్దె బ్యాంకు ద్వారా ఇవ్వాలి, టేపు పట్టి గదిని కొలిచి చిన్న పటం గీసి తేదీ వేసి ఉంచుకోవాలి, కరెంటు బిల్లులు పారేయకూడదు. రిటర్ను వేసేటప్పుడు ఆ కాగితాలను ఆడిటర్ ముందు పెట్టి, ఇందులో నా పని వంతు ఎంత అని అడగాలి.